ఫెలూదా జేబులో చార్మినార్

మా వీధి చివరింట్లో ఒక ఏడో తరగతి అమ్మాయి ఉంది. ఎండాకాలం సెలవుల్లో మధ్యాహ్నం పూట మా ఇంటికొచ్చి పుస్తకాల బీరువా ముందు బాసింపట్టు వేసుకుని కూర్చోవడం ఆమెకి అలవాటు. మొన్న వేసవిలో ఒకరోజు అలాగే కూర్చుని, తల తిప్పకుండానే, "తాతయ్యా, తెలుగులో మిస్టరీ ఉందా?" అంది.

"ఎందుకు లేదమ్మా, కావలసినన్ని" అంటూ లేచాను. వెతకడం మొదలుపెట్టాక గానీ నా గొప్ప ఎంత డొల్లో తెలిసిరాలేదు. చందమామ బైండు పుస్తకాలున్నాయి. "అవి నాలుగో క్లాసులోనే అయిపోయాయి" అంది. కొమ్మూరి సాంబశివరావు నవలలు నాలుగు, అట్టలూడిపోయి, దారంతో కట్టి ఉన్నాయి. డిటెక్టివ్ యుగంధరూ, అసిస్టెంటు రాజూ నా చిన్ననాటి ఆప్తులే. కానీ ఆ నవలలు పెద్దవాళ్ల కోసం రాసినవి. శవాలూ, సొమ్మూ, చాటుమాటు సంబంధాలూ లేకపోతే అక్కడ కథ నడవదు. ఒకటి తీసి, రెండు పేజీలు తిరగేసి, మళ్లీ దారం కట్టేశాను. షాడో నవలల సంగతి సరే సరి. ఆఖరికి సత్యజిత్ రాయ్ ఫెలూదా కథల ఇంగ్లీషు అనువాదం కనబడింది. అదే ఇచ్చాను. తెలుగు అడిగిన పిల్ల చేతిలో ఇంగ్లీషు పుస్తకం పెట్టిన తెలుగు సంపాదకుణ్ణి నేను.

వారం తిరక్కుండా పుస్తకం వెనక్కి వచ్చింది, ఒక ప్రశ్నతో సహా. ఆ ప్రశ్న దగ్గరికి తర్వాత వస్తాను.

సత్యజిత్ రాయ్ అనగానే మనకి పథేర్ పాంచాలి గుర్తొస్తుంది. అపు, దుర్గ, తెల్లటి రెల్లుపూల మధ్య నుంచి చూసిన రైలు. బెంగాలీ ఇళ్లలో పిల్లల్ని కదిపితే మాత్రం ముందు వచ్చే పేరు ఫెలూదా. 1965 నుంచి 1992లో కన్నుమూసేదాకా రాయ్ ఆ డిటెక్టివు మీద కథలూ నవలలూ కలిపి 35 పూర్తి చేశారు. ఇంకో నాలుగు చిత్తుప్రతుల్లో ఆగిపోయాయి. సినిమాల నడుమ కాలక్షేపానికి మొదలుపెట్టినవి కావవి. ఒక పిల్లల పత్రికలో పేజీలు నింపడానికి మొదలుపెట్టినవి. మా బోటి సంపాదకులు గోడ మీద రాసి పెట్టుకోవలసిన సంగతి ఇది.

ఆ పత్రిక పేరు సందేశ్. బెంగాలీలో ఆ మాటకి వార్త అని అర్థం, మిఠాయి అని కూడా అర్థం. తెలుగుకి వచ్చేసరికి మిఠాయి పోయి సందేశం మిగిలింది. మన బాలసాహిత్యానికి పట్టిన గతీ అదేనేమో అనిపిస్తుంది ఒక్కోసారి. 1913లో ఆ పత్రికని రాయ్ తాతగారు ఉపేంద్రకిశోర్ రాయ్‌చౌధురి మొదలుపెట్టారు. ఆయన కథకుడు, బొమ్మలు వేసేవాడు, అన్నిటినీ మించి అచ్చుపని ఎరిగినవాడు. హాఫ్‌టోన్ బ్లాకుల మీద ఆయన చేసిన ప్రయోగాలను ఇంగ్లండు ముద్రణ రంగం వాళ్లు కూడా అచ్చు వేసుకుని చదివారు. 1915లో ఆయన పోయాక కొడుకు సుకుమార్ రాయ్ చేతికి వచ్చింది పత్రిక. పొంతన లేని మాటల్తో నవ్వించే పద్యానికి బెంగాలీలో పెద్దపీట వేసినవాడాయన. 1923లో కాలా అజార్ జ్వరంతో, 35 ఏళ్లకే పోయాడు. కొడుకు సత్యజిత్‌కి అప్పటికి రెండేళ్లు దాటాయి, అంతే. కొన్నాళ్లకి ప్రెస్సు అప్పుల్లో మునిగింది. గార్పార్ రోడ్డులో ప్రెస్సూ కాపురమూ ఒకే కప్పు కింద ఉన్న ఇల్లు చేజారింది. తల్లి సుప్రభ పిల్లవాణ్ణి చంకనేసుకుని అన్నదమ్ముల ఇంటికి చేరింది. సందేశ్ నడుమ ఒకసారి తేరుకుని, మళ్లీ ఆగిపోయింది.

దాన్ని 1961లో కవి సుభాష్ ముఖోపాధ్యాయ్‌తో కలిసి రాయ్ తిరిగి నిలబెట్టారు. అప్పటికి ఆయనకి నలభై ఏళ్లు. కాన్‌లో, వెనిస్‌లో బహుమతులు వచ్చి ఉన్నాయి. ప్రపంచంలో ఏ మూల సినిమా గురించి మాట్లాడినా ఆయన పేరు వినబడుతోంది. అలాంటి మనిషి పిల్లల పత్రిక ప్రూఫులు దిద్దుతూ కూర్చున్నాడు. బెంగాలీలో కథకుడని ఆయనకి అంతదాకా పేరేమీ లేదు. పత్రిక పెట్టాక ప్రతి నెలా ఏదో ఒకటి ఇవ్వక తప్పదు కదా. ఎడ్వర్డ్ లియర్ పద్యాలను బెంగాలీ చేశారు. ప్రొఫెసర్ శంకు అనే వింత శాస్త్రవేత్తను పుట్టించారు. అట్ట తనే వేశారు, లోపలి బొమ్మలు తనే వేశారు, శీర్షికల అక్షరాలు కూడా తన చేత్తోనే చెక్కినట్టు రాశారు. 1963లో మేనత్త వరస లీలా మజుందార్ వచ్చి సంపాదకత్వంలో చెయ్యి కలిపారు. ఇంటిల్లిపాదీ పత్రికే. ఆ హడావిడిలోంచి, 1965 డిసెంబరు సంచికలో, ఫెలూదా దిగాడు.

ఆ మొదటి కథని కాస్త దగ్గరగా చూడండి. ఊరు డార్జిలింగ్. రాజేన్‌బాబు అని ఒక పెద్దమనిషి, పాత వస్తువులు సేకరించడం సరదా. ఆయనకి ఒక ఉత్తరం వచ్చింది. చేత్తో రాసింది కాదు. అచ్చు కాగితాల్లోంచి ముక్కలు కత్తిరించి అంటించింది. చేసిన తప్పుకి శిక్ష అనుభవించడానికి సిద్ధపడమని బెదిరింపు. సెలవులకి వచ్చిన ఫెలూదా ఆ కాగితాన్ని వెలుతురులోకి పట్టుకుని చూస్తాడు. ఇదీ కేసు. హత్య లేదు, దొంగతనం లేదు, పోలీసుల అలికిడి లేదు. ఆఖరికి తేలేదేమిటంటే, ఆ బెదిరింపు వెనక ఉన్నది బడి రోజుల నాటి ఒక పరుగుపందెం, అందులో ఒక పిల్లవాడు ఇంకో పిల్లవాడికి చేసిన అన్యాయం. ఎవరు చేశారో చెప్పను, చదవబోయేవాళ్ల ఉసురు నాకెందుకు. యాభై ఏళ్లు దాటినా మానని బడి గాయం! పెద్దవాళ్ల డిటెక్టివు నవలలో ఇది కారణంగా నిలబడదు, ఇంత చిన్నదానికా అంటారు. పదమూడేళ్లవాడికి ఇంతకన్నా పెద్ద కారణం లోకంలో లేదు. ఆటల పీరియడులో జరిగిన మోసం వాడికి ఆస్తి తగాదాకన్నా ఎక్కువ. పాఠకుడి వయసేమిటో తెలిసిన రచయిత వేసిన ముడి అది.

ఫెలూదా అసలు పేరు ప్రదోష్ మిత్తర్. ఫేలూ ముద్దుపేరు, దా అంటే అన్న. కథ చెప్పేది ఆయన పినతండ్రి కొడుకు తపేష్, అన్న పిలిచే పేరు తోప్షే. మొదటి కథనాటికి అన్నకి 27 ఏళ్లు, తమ్ముడికి అందులో సగం. అంటే ముప్ఫయ్యయిదు కథలనూ మనం అన్నయ్య గురించి తమ్ముడు చెబుతుండగా వింటాం. తోప్షే తెలివితక్కువవాడు కాదు. పరాకుగా ఉండే వాట్సన్ కాదు. అన్న ఏం చూస్తున్నాడో తనూ చూడాలని తాపత్రయపడే కుర్రవాడు. ఫెలూదాకి తొమ్మిదో ఏట తండ్రి పోయాడు, చిన్నాన్న ఇంట్లో పెరిగాడు. తండ్రి లేక మేనమామల ఇంట్లో పెరిగిన రాయ్ ఈ మాట ఎక్కడా ఊదరగొట్టలేదు, ఒక వాక్యంలో చెప్పి వదిలేశారు. ఆ ఇంట్లో ఎవరూ ఎవరికీ బరువు కాదు. అది చాలు.

పిల్లలు చదివే డిటెక్టివు కథ శుభ్రంగా ఉండాలి కాబట్టి అక్రమ ప్రేమలూ, ఆ ఆవేశంలో జరిగే హత్యలూ తనకి అందుబాటులో లేవని, రక్తపాతం కూడా చిటికెడే వాడగలనని, పెద్ద పాఠకులు ఈ ఇబ్బందిని మనసులో పెట్టుకోవాలని రాయ్ ఒక ఇంగ్లీషు సంపుటానికి ముందుమాటలో విన్నవించుకున్నారు. డిటెక్టివు రచయితకి ఈ రెండూ తీసేస్తే చేతిలో ఏం మిగులుతుంది? దొంగతనం, మోసం, అత్యాశ, పాత పగ. మిగిలిన వాటితోనే ఆయన దేశమంతా తిరిగారు. 1973 నాటి కైలాష్ కథలో భువనేశ్వర్ రాజారాణి గుడి గోడ మీది యక్షి తల ఎవరో పగలగొట్టుకుపోతారు, దాన్ని వెతుక్కుంటూ ఫెలూదా ఎల్లోరా గుహల దాకా పోతాడు. విగ్రహాల దొంగ రవాణా అంటే ఏమిటో ఆ తరం బెంగాలీ పిల్లలకి ఆ కథతో తెలిసింది. 1972లో కాల్కా మెయిల్లో రెండు ఒకేలాంటి పెట్టెలు తారుమారైతే, ఆ చిన్న పొరపాటు పట్టుకుని సిమ్లా మంచు దాకా లాక్కెళ్లారు. 1977లో కలకత్తా పార్క్ స్ట్రీట్ పాత సమాధుల దొడ్డిలో గాలివానకి చెట్లు పడితే అక్కడ మొదలైంది ఇంకో నవల. ఒక పాత గడియారం కోసం ఈస్టిండియా కంపెనీ కాలం నుంచీ తవ్వుకుంటూ వస్తుంది. చదువుతున్నవాడికి చరిత్ర పాఠమని తెలియదు, గడియారం దొరకాలన్న ఆత్రమే.

ఇది చదివినప్పుడల్లా నాకు బందరు గుర్తొస్తుంది. బందరుకోటలో డచ్చివాళ్ల సమాధులున్నాయి, పలకల మీద చెక్కిన పడవలూ ముద్రలూ ఉన్నాయి. భీమిలిలో సముద్రానికి దగ్గర్లో ఇంకో డచ్చి సమాధుల దొడ్డి ఉంది. హైదరాబాదు మలక్‌పేట దగ్గర గుట్ట మీద ఫ్రెంచి రేమండ్ సమాధి ఉంది. ఏ తెలుగు నవలలోనైనా ఒక పన్నెండేళ్ల పిల్ల టార్చిలైటు పట్టుకుని ఈ మూడిట్లో ఒకచోట గుండె దడదడలాడుతూ నిలబడిందా? గుళ్లలో విగ్రహాలు పోవడం మన జిల్లా పేజీల్లో మామూలు వార్త. అది వార్తగానే వచ్చి వార్తగానే పోతుంది.

నిజం చెప్పాలంటే, ఫెలూదా కథల్లో రహస్యం అంత బిగువైనదేమీ కాదు. మారువేషాలు మరీ ఎక్కువ. పెట్టుడు గడ్డం కనబడితే నాలుగు కథలు చదివిన పిల్ల ఇట్టే పట్టేస్తుంది. 1983లో గుండెపోటు వచ్చిన తర్వాత రాసిన వాటిలో కొన్ని అలసిపోయినట్టుంటాయి. లండన్లో ఫెలూదా బేకర్ స్ట్రీటుకి పోయి షెర్లాక్ హోమ్స్‌కి గురుదక్షిణగా దండం పెట్టడం తప్ప ఆ లండన్ నవలలో నాకేమీ మిగల్లేదు. కానీ రాయ్ ఏ ఊరికి తీసుకెళ్లినా ఆ ఊరు ఉంటుంది. ఏ రైలు, ఎన్నింటికి, ఏ స్టేషన్లో టీ తాగారు, హోటలు గది కిటికీలోంచి ఏం కనబడుతుంది, ఇవన్నీ సరిగ్గా ఉంటాయి. సినిమా తీసేవాడు చోటు చూసి వచ్చినట్టు రాస్తారు. ఆ నమ్మకం కుదిరాక రహస్యం కాస్త పలచనైనా మనం దిగిపోం.

ఇక జటాయు. మన లేపాక్షిలో పడిన పక్షి కాదు. 1971లో సోనార్ కేల్లా నవలలో రాజస్థాన్‌కి పోతుండగా రైల్లో ఫెలూదా పెట్టెలో కూర్చున్న పొట్టి, బట్టతల మనిషి. పేరు లాల్‌మోహన్ గంగూలీ, కలం పేరు జటాయు. సాహస నవలలు రాస్తాడు, పకోడీల్లా అమ్ముడుపోతాయి. ఆయన హీరో ప్రఖర్ రుద్ర వెళ్లని ఖండం లేదు. పేర్లన్నీ ప్రాసలే, సహారాలో శిహరణ అన్నట్టుగా. ప్రతి పుస్తకంలోనూ కొండంత పొరపాటు ఒకటి ఉంటుంది. ఒంటె నీళ్లెక్కడ దాచుకుంటుందన్న సంగతి కూడా ఫెలూదా దిద్దవలసి వస్తుంది. ఆయన చిన్నబుచ్చుకోడు, నోట్‌బుక్ తీసి రాసుకుంటాడు, తర్వాతి కూర్పులో సరిచేస్తానంటాడు. రాయ్ తన వృత్తి మీద తనే వేసుకున్న వెక్కిరింపు అది. ఎంత మురిపెంగా వేసుకున్నారంటే, ఆ తర్వాత పెద్ద నవలల్లో జటాయు లేకుండా ఫెలూదా బయల్దేరడం దాదాపు లేదు. పిల్లలకి ఆయన ఎందుకు నచ్చాడో ఊహించడం కష్టం కాదు. ఆ బండిలో తప్పులు చేసే పెద్దమనిషి ఆయనొక్కడే. మన షాడో కూడా దేశదేశాలు తిరిగాడు. ఆ దేశాల భూగోళం ఎవరూ సరిచూడలేదు, చూడాలని మాకూ తోచలేదు.

1974లో రాయ్ సోనార్ కేల్లాని సినిమా తీశారు. పశ్చిమ బెంగాల్ ప్రభుత్వం డబ్బు పెట్టింది. ముకుల్ అనే పిల్లవాడికి పూర్వజన్మ గుర్తొస్తుంది, బంగారు కోటనీ నెమళ్లనీ కాగితాల మీద గీస్తుంటాడు. అక్కడ గుప్తధనం ఉందని ఇద్దరు మోసగాళ్లు వాడి వెంటపడతారు. నవలలో దొంగలెవరో ఆఖర్న తెలుస్తుంది. సినిమాలో రాయ్ మొదట్లోనే చూపించేశారు. ఎవరు చేశారన్న ఒక్క ప్రశ్న మీద నిలబడ్డ సినిమా రెండోసారి చూడబుద్ధి కాదని ఆయన లెక్క. అది నిజమని తేలింది. బెంగాలీ ఇళ్లలో ఆ సినిమాని పిల్లలు ఇప్పటికీ మాటలు ముందే చెబుతూ చూస్తారు. కోట దొరికాక జరిగేది చూడండి. జైసల్మేర్ కోటలో పడిపోయిన గోడల మధ్య ముకుల్ తన పాత ఇంటిని గుర్తుపట్టి ఏడుస్తాడు. నిధీ వద్దు, కోటా వద్దు, కలకత్తాలో మా ఇంటికి తీసుకుపొమ్మంటాడు. అన్నాళ్లు కలవరించిన బంగారు కోట దగ్గర వాడికి అమ్మ కావలసి వచ్చింది. జైసల్మేర్ మాత్రం బెంగాలీ యాత్రికులతో నిండిపోయింది, ఈ రోజుకీ ఆ తాకిడి తగ్గలేదు. జటాయుగా వేసిన సంతోష్ దత్తా మొహం జనానికి ఎంత అంటుకుపోయిందంటే, ఆ తర్వాత పుస్తకాల్లో రాయ్ వేసిన జటాయు బొమ్మలు కూడా అటే తిరిగాయి. 1988లో దత్తా చనిపోయాక రాయ్ ఇంక ఫెలూదా సినిమా తీయనన్నారు, తీయలేదు.

శీర్షికకి కారణం చెప్పనేలేదు. ఫెలూదా ఆలోచనలో పడ్డప్పుడల్లా వెలిగించే సిగరెట్టు చార్మినార్. ఫిల్టరు లేని, ఘాటైన, చవక సిగరెట్టు. హైదరాబాదు ఆజామాబాదులో వజీర్ సుల్తాన్ కంపెనీలో తయారై, పసుపుపచ్చ పెట్టెలో కలకత్తా కిళ్లీకొట్టు చేరి, అక్కణ్ణుంచి ఫెలూదా జేబులోకి వచ్చిందన్నమాట. బెంగాలీ పిల్లలు మన చార్మినార్‌ని కట్టడంగా కన్నా ముందు అలా ఎరుగుదురు. ప్రేమ లేకుండా, రక్తం లేకుండా ఇంత జాగ్రత్తగా వడగట్టిన మనిషి సిగరెట్టు దగ్గర ఎందుకు చూసీచూడనట్టు పోయారో మరి. ఇవాళ ఏ ప్రచురణకర్తా పిల్లల పుస్తకంలో డిటెక్టివు చేత వరసపెట్టి సిగరెట్లు కాల్పించడు. మా చివరింటి అమ్మాయి కూడా మొదట దాన్నే పట్టుకుంది. "ఇంత తెలివైనవాడికి కాన్సర్ సంగతి తెలియదా?" అంది. అసలు ప్రశ్న అది కాదు.

అసలు ప్రశ్న, "వీటిల్లో అమ్మాయిలేరీ, తాతయ్యా?"

లేరు. వెతికితే ఒకరో ఇద్దరో, ఒక కోడలు, ఒక చిన్నపిల్ల, ఒకామె టీ తెచ్చి పెట్టి వెళ్తుంది. చారులత తీసినవాడు, మహానగర్ తీసినవాడు, పిల్లల కథల దగ్గరికి వచ్చేసరికి ముగ్గురు మగవాళ్లని కారెక్కించి పంపేశాడు. ప్రేమ కథల గొడవ రాకుండా ఆడవాళ్లనే తీసేశారని కొందరు సర్దిచెబుతారు. నాకు ఆ సర్దుబాటు రుచించదు. పన్నెండేళ్ల అమ్మాయి కథలోకి వస్తే ప్రేమ గొడవ ఎందుకు వస్తుంది? అదే సందేశ్ పత్రికలో అది రాకుండా రాసి చూపించినావిడ ఉంది. నళినీ దాస్, రాయ్‌కి మేనత్త కూతురు, కలకత్తా బెతూన్ కాలేజీ ప్రిన్సిపాల్‌గా చేసిన మనిషి, తర్వాత సందేశ్ సంపాదకుల్లో ఒకరు. ఆవిడ హాస్టల్లో ఉండే నలుగురు ఆడపిల్లల్ని డిటెక్టివుల్ని చేసింది. కాలు, మాలు, బులు, టులు. నలుగురి పేర్ల చివరా లు ఉంది కాబట్టి ఆ గుంపుకి గండాలు అని పేరు. గొయెందా గండాలు, అంటే డిటెక్టివు గండాలు. తెలుగు చెవికి ఎంత బాగుంది! లు వచ్చిందంటే మనకి బహువచనమే, పైగా గండాలు. నలుగురు ఆడపిల్లలు హాస్టలు గోడ దాటి దొంగ వెనక పడుతుంటే తెలుగువాడు పెట్టే పేరు కూడా అదే. ఈ సంగతి చెప్పినప్పుడు మా అమ్మాయి నవ్వి, "ఆ పుస్తకం ఉందా?" అంది. మళ్లీ బీరువా వైపు చూశాను. లేదు.

బెంగాలీ నుంచి డిటెక్టివు మనకి రానివాడేం కాదు. వందేళ్ల కిందటే పాంచకడీ దే అపరాధ పరిశోధక నవలలు తెలుగులో తిరిగాయి. దేవరాజు వేంకటకృష్ణారావు వాడే వీడు మా తాతల కాలం వాళ్లు ఎగబడి చదివిన పుస్తకం. తర్వాత కొమ్మూరి, టెంపోరావు, విశ్వప్రసాద్, గిరిజశ్రీ భగవాన్. ఆరుద్ర అంతటివాడు డిటెక్టివు నవలలు రాశాడు, రాసినందుకు ఏమీ తక్కువ కాలేదు. మరోపక్క చందమామలో దాసరి సుబ్రహ్మణ్యం తోకచుక్కతో మొదలుపెట్టి ఏళ్ల తరబడి సీరియళ్లు నడిపారు, చిత్రా వాటికి బొమ్మలు వేశారు. ఆ పేజీల మీద రచయిత పేరు ఉండేది కాదు. రాక్షసుల్నీ మాంత్రికుల్నీ మాకిచ్చిన మనిషి ఎవరో మాకు తలనెరిసే దాకా తెలియలేదు. మా తరం పిల్లలు ఈ రెంటి మధ్య ఒక్క గంతు వేశారు. నిన్నటిదాకా కంచుకోటలో ఉన్నవాడు ఇవాళ బస్టాండు పక్క అద్దె పుస్తకాల కొట్లో పావలా ఇచ్చి షాడో తెచ్చుకుని, సోషల్ పుస్తకం మధ్యలో పెట్టుకుని చదివాడు. పట్టుబడి దెబ్బలు తిన్నవాళ్లలో నేనొకణ్ణి. నడుమ మెట్టు లేదు. పదకొండు నుంచి పదిహేనేళ్ల దాకా, పేదరాశి పెద్దమ్మ కథ వద్దు, పడగ్గది కథ రాదు, ఆ నాలుగేళ్లకి తెలుగులో పుస్తకం లేదు. ఆ నాలుగేళ్లలోనే మన పిల్లలు హ్యారీ పోటర్ పట్టుకుని అటు వెళ్లిపోతున్నారు. వెళ్లినవాళ్లు తెలుగు చదవడానికి తిరిగి రావడం లేదు.

తప్పు ఎవరిదంటే నాది కూడా. ఏటా నవంబరు సంచికలో బాలసాహిత్య ప్రత్యేక విభాగం వేస్తాం. చాచా నెహ్రూ మీద గేయం, చిలక మీద గేయం, అబద్ధమాడిన పిల్లవాడు ఆఖర్న బుద్ధి తెచ్చుకునే కథ. పదహారు పేజీలు, దాంతో ఆ ఏటికి చేతులు కడిగేసుకుంటాం. నాకు తెలిసి అందులో ఒక్క కథనైనా ఏ పిల్లా రెండోసారి చదవలేదు. పేరున్న కథకుల్ని పిల్లలకి ఒకటి రాయమని అడిగితే, ఇప్పుడు పెద్ద నవల పనిలో ఉన్నానంటారు. పిల్లల నవల చిన్న పని అన్న అర్థం ఆ మాటలోనే ఉంది. బెంగాల్లో 1970 నుంచి ఫెలూదా నవలలు దేశ్ పత్రిక దసరా సంచికల్లో కూడా వచ్చాయి. పెద్ద రచయితలు చోటు కోసం పోటీపడే సాహిత్య పత్రిక అది. అక్కడి సంపాదకుడు పిల్లల డిటెక్టివుని వెనక పేజీల్లోకి నెట్టలేదు.

అందుకని ఈ సంపాదకీయం ఒక ప్రకటనతో ఆపుతున్నాను. వచ్చే ఏప్రిల్ సంచికలో మూడు ఫారాలు, అంటే 48 పేజీలు, పిల్లల మిస్టరీ నవలిక ఒకదానికి విడిగా పెట్టాం. మీ ఊళ్లో జరగాలి, ఆ ఊరు కనబడాలి. రైలు టైమూ బస్సు నంబరూ సరిచూసుకోండి. శవం లేకపోయినా నడవాలి. నీతి వద్దు. అమ్మాయి ఉండాలి, టీ తేవడానికి కాదు. జనవరి ఆఖరులోగా చేరితే చాలు. వచ్చిన ప్రతులన్నీ ముందు మా వీధి చివరింటికి వెళ్తాయి. ఆ అమ్మాయి ఇప్పుడు ఎనిమిదో తరగతి. బాగాలేకపోతే పదో పేజీలో మూసేస్తుంది, ఎవరు రాశారని చూడదు.